అయిదు గొంతుల లెక్క: ఫిఫ్త్ డైమెన్షన్ రికార్డింగులు, చార్టుల మీద వాటి నడక

అందరికీ నమస్కారం.

ఇప్పుడు మీరు విన్నది 1968 వేసవిలో వచ్చిన 'స్టోన్డ్ సోల్ పిక్నిక్' మొదటి అర నిమిషం. అందులో ఎంతమంది పాడుతున్నారో చెవితో లెక్కపెట్టడం కష్టం. ఎనిమిది మంది ఉన్నట్టుంటుంది, ఒక్కోచోట పదిమంది అనిపిస్తుంది. పాడింది అయిదుగురే. మారిలిన్ మెక్కూ, ఫ్లోరెన్స్ లారూ, బిల్లీ డేవిస్ జూనియర్, రాన్ టౌన్సన్, లామంట్ మెక్‌లెమోర్. ఇద్దరు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. బృందం పేరు ఫిఫ్త్ డైమెన్షన్.

ఈ బృందానికి బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే అమెరికా పాటల పట్టిక హాట్ 100 చార్టులో రెండుసార్లు మొదటి స్థానం దక్కింది, రెండూ 1969లోనే. ఒకటి ఏప్రిల్‌లో, ఇంకొకటి నవంబర్‌లో. మధ్యలో ఏడు నెలలు. మొదటి పాటలో అయిదు గొంతులూ సమానంగా నిలబడి పాడాయి. రెండో పాటలో ఒక గొంతు ముందుకొచ్చింది, నాలుగు వెనక్కి జరిగాయి. ఈ బృందం ఎలా పైకి వచ్చింది, ఎలా విడిపోయింది అనే రెండు ప్రశ్నలకీ జవాబు ఆ ఏడు నెలల్లోనే ఉందని నా నమ్మకం. ఆ సంగతే ఈ సాయంత్రం రికార్డులు వినిపిస్తూ చెబుతాను.

పూర్వకథ క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. మెక్కూ, మెక్‌లెమోర్ ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లో హై-ఫైస్ అనే చిన్న బృందంలో పాడేవారు. అది రే చార్ల్స్ కచేరీలతో ఊళ్లు తిరిగింది. అది విడిపోయాక మెక్‌లెమోర్ కొత్త జట్టు కట్టాడు. ఆయన వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్ కూడా. డేవిస్, టౌన్సన్, మెక్‌లెమోర్ ముగ్గురిదీ సెయింట్ లూయిస్ ఊరే. మొదట పెట్టుకున్న పేరు వర్సటైల్స్. పాటల నమూనా టేపు డెట్రాయిట్ నగరపు రికార్డు కంపెనీ మోటౌన్ దాకా వెళ్లింది, వాళ్లు తీసుకోలేదు. అప్పుడు గాయకుడు జానీ రివర్స్ తన సోల్ సిటీ రికార్డు లేబుల్‌లోకి తీసుకున్నాడు, కానీ పేరు మాత్రం మార్చుకోమన్నాడు. ఫిఫ్త్ డైమెన్షన్ అన్న పేరు టౌన్సన్ దంపతులు సూచించింది.

మోటౌన్ కాదనడం ఒక రకంగా మంచిదే అయింది. డెట్రాయిట్‌కి అప్పటికే ఒక స్థిరమైన పద్ధతి ఉంది. ముందు ఒక గొంతు, వెనక జవాబిచ్చే గొంతులు, కింద గట్టి తాళం. ఈ అయిదుగురికి సరిపోయేది వేరు. డేవిస్‌ది గాస్పెల్ గొంతు, అంటే నల్లజాతి చర్చిల భక్తిగీతాల్లో పండిన గొంతు. టౌన్సన్ ఒపెరా సాధన చేసినవాడు. మెక్కూది మృదువుగా, ఒలికిపోకుండా నిలిచే గొంతు. ఇలాంటి వాళ్లను ఒక నాయకుడి వెనక వరుసలో నిలబెడితే సగం శక్తి వృథా.

ఇక్కడ ఒక మాట విడమర్చాలి, ఎందుకంటే మన చెవులు వేరేగా పెరిగాయి. మన బృందగానంలో, సినిమా కోరస్‌లో చాలావరకు అందరూ ఒకే స్వరం పాడతారు. ఆడవాళ్లు పై స్థాయిలో, మగవాళ్లు కింది స్థాయిలో. పదిమంది పాడినా రేఖ ఒక్కటే. హార్మొనీలో అలా కాదు. ఒకే క్షణంలో ఒకరు షడ్జం, ఒకరు అంతర గాంధారం, ఒకరు పంచమం పట్టుకుంటారు. ఈ మూడూ కలిస్తే పాశ్చాత్య సంగీతంలో మేజర్ కార్డ్. ముగ్గురికి ఇది చాలు. అయిదుగురు ఉన్నప్పుడు ఏం చేయాలి? రెండు దారులున్నాయి. ఉన్న మూడు స్వరాల్లోనే రెండింటిని మరో స్థాయిలో మళ్లీ పాడించడం ఒకటి. అది చర్చి పద్ధతి, ధ్వని బలంగా నిండుగా ఉంటుంది. పైన నిషాదాన్నీ, ఇంకా పైన రిషభాన్నీ చేర్చడం రెండోది. అది జాజ్ పద్ధతి. కార్డ్ రంగు మారిపోతుంది, కొంచెం మసకగా, తియ్యగా అవుతుంది. ఫిఫ్త్ డైమెన్షన్ రికార్డుల్లో ఈ రెండూ ఒకే పాటలో వంతులు మార్చుకుంటాయి. పాప్-సోల్ అని మనం తేలిగ్గా అనేసే మాట వెనక ఉన్న అసలు పనితనం ఇది.

ఆ పని ఎక్కువగా చేసింది బాబ్ అల్సివార్. 1950లలో సిగ్నేచర్స్ అనే జాజ్ గాత్ర బృందాన్ని నడిపినవాడు. ఎవరు ఏ స్వరం పాడాలో రాసి, నేర్పి, అయిదుగురినీ స్టూడియోకి సిద్ధం చేసేవాడు. నిర్మాత బోన్స్ హౌ. ఈయన మొదట రికార్డింగ్ ఇంజనీరు, తర్వాత నిర్మాత. మొదటి ఆల్బమ్‌కి ఇంజనీరుగా పనిచేసి, రెండో ఆల్బమ్ నుంచి నిర్మాత కుర్చీలో కూర్చున్నాడు. వాద్యాలు వాయించింది హాలీవుడ్ స్టూడియోల్లో రోజువారీ పనిచేసే నిపుణులు. హాల్ బ్లెయిన్ డ్రమ్స్, జో ఆస్బర్న్ బేస్ గిటార్, లారీ నెక్టెల్ కీబోర్డులు. తర్వాతి రోజుల్లో ఈ వాద్యకారుల గుంపుకి రెకింగ్ క్రూ అన్న పేరు స్థిరపడింది.

మొదటి విజయం జాన్ ఫిలిప్స్ రాసిన 'గో వేర్ యు వానా గో'. మామాస్ అండ్ పాపాస్ ముందే పాడిన పాట. 1967 మొదట్లో వీళ్ల రికార్డు 16వ స్థానం దాకా వెళ్లింది. మంచి రికార్డే, కానీ ఇంకొకరి చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. సొంత గొంతు దొరికింది తర్వాత, జిమ్మీ వెబ్ రాసిన 'అప్, అప్ అండ్ అవే'తో. రికార్డు వచ్చేనాటికి వెబ్‌కి ఇరవై ఏళ్లు. పాట 7వ స్థానానికి చేరింది. అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీల్లో 1968లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ రెండూ దీనికే వచ్చాయి. జానీ మాన్ సింగర్స్ పాడిన ఇదే పాటకి కోరస్ విభాగంలో గ్రామీ వచ్చింది. బ్రిటన్‌లో చార్టులకెక్కింది కూడా జానీ మాన్ వాళ్ల రూపమే.

ఈ పాట పాడటం ఎందుకు కష్టమో చెప్పాలి. వినడానికి బెలూన్ ఎగిరినంత తేలిగ్గా ఉంటుంది. కానీ లోపల ఆధార షడ్జం ఒకచోట నిలవదు, మళ్లీ మళ్లీ మారుతుంది. ఇది మన గ్రహభేదం లాంటిది కాదు. గ్రహభేదంలో స్వరస్థానాలు అవే ఉంటాయి, షడ్జం అనుకునే చోటు మారి రాగం మారుతుంది. ఇక్కడ మొత్తం శ్రుతే లేచి ఇంకో మెట్టు మీద కూర్చుంటుంది. అలా లేచేటప్పుడు ప్రధాన రేఖ పాడేవాళ్లకి పెద్ద ఇబ్బంది ఉండదు, ఎక్కడికి వెళ్లాలో రాగం వాళ్ల చెయ్యి పట్టి తీసుకెళ్తుంది. తప్పు జరిగేది మధ్య గొంతుల దగ్గర. వాళ్లు పట్టుకుని ఉన్న స్వరం నుంచి కొత్త కార్డ్‌లో తమ స్వరానికి అర్ధస్వరం మాత్రమే దూరం ఉండొచ్చు. పాత స్వరం ఇంకా చెవిలో మోగుతుంటే ఆ అర్ధస్వరం పూర్తిగా ఎక్కరు, కొంచెం కిందే ఆగిపోతారు. అంతే, అయిదుగురి కార్డ్ మొత్తం మురికిగా వినిపిస్తుంది. తప్పు ఒకరిదే అయినా ఎవరిదో చెప్పలేం. అందుకే సాధనలో పైగొంతునీ అడుగు గొంతునీ పక్కన పెట్టి, మధ్య గొంతుల్ని విడిగా, వాద్యం లేకుండా, మలుపుల దగ్గర మాత్రమే పదేపదే పాడించాలి. మీలో ఎవరైనా హార్మొనీ బృందం కట్టాలనుకుంటే ముందు చేయాల్సిన పని ఇదే.

వెంటనే వచ్చిన రెండో ఆల్బమ్ 'ద మ్యాజిక్ గార్డెన్'. దాదాపు అన్ని పాటలూ వెబ్ రాసినవే. ఒకే ప్రేమకథలాగా సాగుతుంది. నా లెక్కలో వీళ్ల ఆల్బమ్‌లన్నిటిలో ఇదే గొప్పది. అయినా ఆల్బమ్ చార్టులో మొదటి వందలోకి కూడా రాలేదు. అందులోంచి తీసిన సింగిల్స్, అంటే విడిగా ఒక్కో పాటగా అమ్మే రికార్డులు, 'పేపర్ కప్' 34 దగ్గర, 'కార్పెట్ మ్యాన్' 29 దగ్గర ఆగాయి. కారణం గొంతుల్లో లేదు. ఆ పాటలు ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే అర్థమవుతాయి. విడదీసి రేడియోకి పంపితే కథ మధ్యలోంచి చింపిన కాగితంలా ఉంటాయి. ఆ రోజుల్లో ఇలాంటి బృందం ఆల్బమ్ అమ్ముడవ్వాలంటే ముందు సింగిల్ నడవాలి. సింగిల్‌కి ఒంటరిగా నిలబడే పాట కావాలి.

అలాంటి పాటలు లారా నీరో దగ్గర దొరికాయి. న్యూయార్క్ అమ్మాయి, అప్పటికి ఇరవై ఏళ్లు, పియానో ముందు కూర్చుని తనే రాసి తనే పాడుకునేది. ఆమె సొంత రికార్డుల్లో లయ పాడే మనిషి ఊపిరితో పాటు నడుస్తుంది. ఒక పాదం పరుగెత్తుతుంది, తర్వాతి పాదం ఆగి నిలబడుతుంది. వినే మనిషికి అది అందం. రేడియోకి, నాట్యం చేసేవాళ్లకి అదే అడ్డు. హౌ, అల్సివార్ చేసింది ఆ లయని చాలావరకు సమం చేయడం. ఆమె పాటలో విసిరిన చిన్న చిన్న పిలుపుల్ని అయిదు గొంతుల మధ్య పంచారు. 'స్టోన్డ్ సోల్ పిక్నిక్' 3వ స్థానానికి వెళ్లింది. ఆ వెంటనే 'స్వీట్ బ్లైండ్‌నెస్' 13కి. నీరో పాటలు ఇంకా తీసుకున్నారు. 'వెడ్డింగ్ బెల్ బ్లూస్', 'బ్లోయింగ్ అవే', 'సేవ్ ది కంట్రీ' అన్నీ మొదటి 40లోకి వచ్చాయి. లారా నీరో పేరు సామాన్య శ్రోతల ఇళ్లలోకి చేరడానికి ఈ బృందం చేసినంత సాయం ఆమె సొంత రికార్డులు చేయలేదు. ఆ మాట అనడం వల్ల ఆమె గొప్పతనం తగ్గదు.

మొదట అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు. అయిదుగురు పదిమందిలా ఎలా వినిపిస్తారు? డబ్లింగ్ వల్ల. ఒకసారి పాడిన భాగాన్నే టేపు మీద మరో ట్రాక్‌లో మళ్లీ పాడతారు. ఏ మనిషీ ఒకే వాక్యాన్ని రెండుసార్లు అచ్చం ఒకేలా పాడలేడు. రెండింటి మధ్య సెకనులో ముప్పయ్యో వంతు, నలభయ్యో వంతు తేడా ఉంటుంది, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వల్లే చెవి దాన్ని గుంపు అనుకుంటుంది. తేడా అంతకంటే పెరిగితే గుంపు పోయి ప్రతిధ్వని అవుతుంది. తేడా అసలే లేకపోతే ఒక గొంతే గట్టిగా ఉన్నట్టుంటుంది, నిండుదనం రాదు.

డబ్లింగ్‌లో చెడేది ఎక్కువగా హల్లుల దగ్గర. మాట చివర 'స్' వచ్చిందనుకోండి. అయిదుగురు రెండుసార్లు పాడితే పది 'స్'లు, ఒకదాని వెనక ఒకటి. పాము బుసకొట్టినట్టుంటుంది. 'ట్' అయితే గులకరాళ్లు జారినట్టుంటుంది. దీనికి కోరస్‌లు నడిపేవాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. ఆ చివరి హల్లుని ఒక్కరే పలుకుతారు, మిగతావాళ్లు అచ్చు దగ్గరే ఆపేస్తారు. వినేవాళ్లకి అందరూ పలికినట్టే ఉంటుంది. అచ్చుల సంగతి దీనికి తలకిందులు, అవి అందరివీ ఒకేలా ఉండాలి. ఒకరు నోరు గుండ్రంగా, ఒకరు వెడల్పుగా తెరిస్తే స్వరస్థానం సరిగ్గా ఉన్నా శ్రుతి కలవనట్టే అనిపిస్తుంది. కంపనం కూడా అంతే. ఒపెరా గొంతులో కంపనం సహజం, పక్కన గాస్పెల్ గొంతు ఉంటుంది. రెండూ కలిసి నిలిచే స్వరం దగ్గర కంపనాన్ని తగ్గించి నిటారుగా పాడాలి, లేదంటే కార్డ్ వణుకుతుంది. ఈ రికార్డుల్లో పొడవైన కార్డ్‌లు ఎంత నిశ్చలంగా ఉంటాయో గమనించండి. ఒక్కొక్కరు విడిగా పాడే చోట మాత్రం ఎవరి కంపనం వాళ్లది.

ఇంకో అడ్డంకి యంత్రానిది. ఆనాటి లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో 8 ట్రాకుల టేపు మామూలు. డ్రమ్స్‌కి ఒకటి, బేస్‌కి ఒకటి, గిటార్లూ కీబోర్డులూ కలిపి ఒకటో రెండో, తీగ వాద్యాలకీ బాకాలకీ ఒకటో రెండో. గొంతులకి మిగిలేది మూడు, మహా అయితే నాలుగు. ఇంకా కావాలంటే రెండు ట్రాకుల్ని కలిపి ఒక ట్రాక్‌లోకి కాపీ చేసి, ఖాళీ అయిన చోట మళ్లీ పాడాలి. కాపీ చేసిన ప్రతిసారీ టేపు రొద పెరుగుతుంది, పై స్థాయి మెరుపు కాస్త పోతుంది. కలిపేసిన గొంతుల్లో ఒకటి ఎక్కువైందని తర్వాత తెలిసినా విడదీయలేం. అందుకని గొంతుల పాళ్లు మైక్ ముందే తేల్చుకోవాలి. గట్టి గొంతు ఒక అడుగు వెనక్కి, సన్న గొంతు ఒక అడుగు ముందుకి. ఆ రోజుల్లో మిక్సింగ్ సగం పాదాలతోనే జరిగేది.

ఇక 1969కి వద్దాం.

బిల్లీ డేవిస్ న్యూయార్క్‌లో టాక్సీలో పర్సు పోగొట్టుకున్నాడు. అది దొరికిన మనిషికి 'హెయిర్' అనే సంగీత నాటకం నిర్మాణంతో సంబంధం ఉంది. కృతజ్ఞతగా మాటామాటా కలిసి, ఆయన బృందాన్ని నాటకం చూడటానికి పిలిచాడు. నాటకం మొదట్లోనే 'అక్వేరియస్' పాట వస్తుంది. అయిదుగురికీ అది పాడాలనిపించింది. హౌకి ఒక అభ్యంతరం ఉంది. అది సగం పాటే, ఎక్కడా ముగిసినట్టు ఉండదు. ఆయన నాటకం చూసినప్పుడు జవాబు దొరికింది. చివరి పాట 'ద ఫ్లెష్ ఫెయిల్యూర్స్'. దాని ఆఖరున 'లెట్ ద సన్‌షైన్ ఇన్' అంటూ తిరిగి తిరిగి వచ్చే తోక ఉంది. నాటకం మొదటి పాటకి నాటకం చివరి తోకని అతికించాడు. గాల్ట్ మెక్‌డెర్మట్ సంగీతం, జెరోమ్ రాగ్ని, జేమ్స్ రాడో మాటలు. రెండూ వాళ్లవే కాబట్టి హక్కుల చిక్కు లేదు, కానీ సంగీతపు చిక్కు ఉంది. రెండింటి నడక వేరు, గాలి వేరు. మొదటిది మబ్బుల్లో తేలే పాట. రెండోది చర్చిలో చప్పట్లతో లేచే పాట.

మామూలుగా అయితే మధ్యలో ఒక వంతెన రాస్తారు, నాలుగైదు ఆవర్తాల వాద్యభాగం వేసి శ్రోతని మెల్లగా ఒడ్డుకి చేరుస్తారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. మొదటిది ముగిసిన చోటే రెండోది మొదలవుతుంది. ఆ అతుకు ఎందుకు నిలిచిందంటే వాయించేవాళ్ల వల్ల. బ్లెయిన్, ఆస్బర్న్ జోడీ కొత్త నడకని మొదటి దెబ్బలోనే పూర్తి బరువుతో మోపుతుంది. చెవికి సందేహించే సమయం ఇవ్వదు. సందేహం ఉన్నచోటే అతుకు కనిపిస్తుంది.

వాద్యాల ట్రాక్ హాలీవుడ్‌లో వాలీ హైడర్ స్టూడియోలో రికార్డయింది. బాకాలూ తీగల రచన బిల్ హోల్మన్‌ది, స్టాన్ కెంటన్ జాజ్ బ్యాండుకి రాసిన మనిషి. గొంతులు మాత్రం లాస్ వేగాస్‌లో. బృందం అప్పుడక్కడ కచేరీలు చేస్తోంది, ఆపి రావడం కుదరదు, కాబట్టి టేపే వాళ్ల దగ్గరికి ప్రయాణం చేసింది. ఇది చెప్పినంత సులువు కాదు. రెండు ఊళ్లలో రెండు యంత్రాలు. ఒక యంత్రం వేగం రెండోదానికంటే నూటికి ఒక వంతు తేడా ఉన్నా వాద్యాల శ్రుతి మారుతుంది. గొంతులు ఆ మారిన శ్రుతికి పాడతాయి, తర్వాత మొదటి స్టూడియోకి తెచ్చి పియానోనో గంటలనో చేర్చబోతే అసలు కలవదు. యంత్రంలో టేపుని చదివే హెడ్ వాలులో తేడా ఉంటే పై స్థాయి మొద్దుబారుతుంది. అందుకే ఊరు మారే టేపుకి మొదట్లో కొన్ని కొలత స్వరాలు రికార్డు చేసి పంపుతారు. అవతలి ఇంజనీరు ముందు వాటిని పెట్టి తన యంత్రాన్ని వాటికి సరిచేసుకుని, అప్పుడు అసలు టేపు మీద చెయ్యి వేస్తాడు.

చివరి భాగంలో బిల్లీ డేవిస్ గాస్పెల్ ధోరణిలో పైపైన అల్లుకుంటూ పోయే పిలుపులున్నాయి. అవి కాగితం మీద రాసినవి కావు, స్టూడియోలో అప్పటికప్పుడు వచ్చినవి. కింద నలుగురూ ఒకే వాక్యాన్ని తిప్పుతుంటారు, పైన ఒకరు మనోధర్మంతో వెళ్తారు. మన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. భజన నడుపుతున్నవాళ్లు పల్లవి పట్టుకుని ఉంటే, ముందు పాడే మనిషి సంగతులు వేసే పద్ధతికి ఇది చాలా దగ్గర. ఇందులో కష్టం ఏమిటంటే, కింద తిరిగే వాక్యం ఎక్కడా మారకూడదు. కింద పాడేవాళ్లు కూడా ఉత్సాహపడి మార్చేస్తే పైనున్న మనిషికి నేల పోతుంది.

రికార్డు నిడివి 4 నిమిషాల 49 సెకన్లు. మూడు నిమిషాల పాటకి అలవాటు పడిన రేడియోకి ఇది ఎక్కువ. అయినా 1969 ఏప్రిల్ 12 నాటి హాట్ 100లో మొదటి స్థానానికి వచ్చి ఆరు వారాలు అక్కడే ఉంది. ఆ ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ వేసిన పట్టికలో రెండోది, మొదటిది 'షుగర్, షుగర్'. బ్రిటన్‌లో 11వ స్థానం. 1970 గ్రామీల్లో మళ్లీ రికార్డ్ ఆఫ్ ది ఇయర్. ఆల్బమ్ 'ద ఏజ్ ఆఫ్ అక్వేరియస్' 2వ స్థానం దాకా వెళ్లింది, వీళ్ల ఆల్బమ్‌లలో అంతకు మించి ఏదీ వెళ్లలేదు.

ఇన్ని అంకెలు చెబుతున్నాను కాబట్టి వాటిని ఎలా చదవాలో కూడా చెప్పాలి. ఆ రోజుల హాట్ 100 అమ్మకాల లెక్క కాదు, ర్యాంకుల లెక్క. దుకాణాలు ఏ రికార్డు బాగా పోతోందో వరుస చెప్పేవి, రేడియో స్టేషన్లు ఏది ఎక్కువ వేస్తున్నాయో చెప్పేవి. రెండూ కలిపి పత్రిక వరుస కట్టేది. కౌంటర్ దగ్గర బార్‌కోడ్‌తో అసలు అమ్మకాలు లెక్కించడం 1991లోగానీ చార్టుకి రాలేదు. కాబట్టి 1969లో 1వ స్థానానికీ 1970లో 2వ స్థానానికీ మధ్య ఎన్ని రికార్డుల తేడా అని అడిగితే చార్టు జవాబు చెప్పదు. గోల్డ్ రికార్డు అన్నమాట వేరు. అప్పట్లో సింగిల్‌కి పది లక్షలు అమ్మితే గోల్డ్. ప్లాటినం అన్న బిరుదు 1976లో వచ్చింది, అందుకే 1969 పాటల పక్కన ఆనాటి ప్లాటినం కనిపించదు.

ఈ చార్టు నియమాల వల్ల ఎంత మారుతుందో చూపించడానికి రెండో నంబర్ వన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 'వెడ్డింగ్ బెల్ బ్లూస్', 1969 నవంబర్ 8 నుంచి మూడు వారాలు. నవంబర్ 29న దాన్ని దించింది బీటిల్స్ రికార్డు, ఒక వైపు 'కమ్ టుగెదర్', ఇంకో వైపు 'సమ్‌థింగ్'. అంతకుముందు వారం దాకా ఒకే రికార్డు రెండు వైపులూ వేర్వేరు పాటలుగా చార్టులో పోటీ పడేవి. సరిగ్గా ఆ వారం నుంచే బిల్‌బోర్డ్ రెండు వైపుల్నీ కలిపి ఒక్కటిగా లెక్కించడం మొదలుపెట్టింది.

ఇక పాట సంగతి. లారా నీరో తన గొంతుతో 1966లో విడుదల చేసినప్పుడు ఇది హాట్ 100లోకి ఎక్కలేకపోయింది. పాటలో ఒక అమ్మాయి బిల్ అనే అతన్ని పెళ్లి ఎప్పుడు చేసుకుంటావని అడుగుతుంది. పాడింది మారిలిన్ మెక్కూ. బృందంలో బిల్లీ డేవిస్ ఉన్నాడు, ఇద్దరూ అదే 1969లో పెళ్లి చేసుకున్నారు. టీవీలో ఆమె అతని వైపు తిరిగి పాడుతుంటే చూసేవాళ్లకి అది పాటలా కాక ఇంట్లో మాటలా అనిపించింది. ఈ ఆకర్షణ సహజమే. కానీ రికార్డులో ఏం జరిగిందో వినండి. మిగతా నలుగురూ ఎక్కడున్నారు? ఒక్కో వాక్యం చివర జవాబిస్తారు, తర్వాత తప్పుకుంటారు. డెట్రాయిట్ పద్ధతి అని ఇందాక చెప్పానే, ముందు ఒక గొంతు, వెనక జవాబులు, అదే తిరిగొచ్చింది. అక్వేరియస్‌లో అయిదుగురి మధ్య ఉన్న ఉద్రిక్తత ఇందులో లేదు.

నేను దీన్ని తప్పు అనడం లేదు. మెక్కూ ఈ పాటని అద్భుతంగా పాడింది. కాకపోతే ఒక దారి తెరుచుకుంది, ఆ దారి లాభసాటిగా ఉంది. 1970లో బృందం బెల్ లేబుల్‌కి మారింది. అక్కడ వచ్చిన పెద్ద విజయం బర్ట్ బ్యాకరాక్, హాల్ డేవిడ్ రాసిన 'వన్ లెస్ బెల్ టు ఆన్సర్'. 1967లో కీలీ స్మిత్ పాడినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మెక్కూ గొంతులో 2వ స్థానానికి వెళ్లింది, జార్జ్ హ్యారిసన్ 'మై స్వీట్ లార్డ్' పైన ఉండటం వల్ల అక్కడే ఆగింది. మెక్కూ మళ్లీ ఒంటరిగానే పాడింది. మిగతావాళ్లు పాట పొడవునా మేఘంలా వెనక ఉంటారు. 1971లో 'నెవర్ మై లవ్', 12. దీనికో చిన్న వింత ఉంది. అసోసియేషన్ అనే బృందం 1967లో ఇదే పాటని 2వ స్థానానికి తీసుకెళ్లినప్పుడు నిర్మాత బోన్స్ హౌనే. 1972లో '(లాస్ట్ నైట్) ఐ డిడ్‌న్ట్ గెట్ టు స్లీప్ ఎట్ ఆల్' 8, 'ఇఫ్ ఐ కుడ్ రీచ్ యు' 10. అన్నిటిలోనూ ముందున్నది మెక్కూ గొంతే. మొత్తం మీద హాట్ 100లో మొదటి 40లోకి వచ్చిన పాటలు 20, మొదటి పదిలోకి వచ్చినవి 7. ఆ ఏడింటిని వరుసగా వింటే అయిదుగురి బృందం ఒక గాయని, ఆమె తోటివాళ్లుగా మారడం స్పష్టంగా వినపడుతుంది.

ఇంకో చార్టు కూడా చూడాలి. నల్లజాతి శ్రోతల చార్టు, మొదట రిథమ్ అండ్ బ్లూస్ పేరుతో, 1969 ఆగస్టు నుంచి సోల్ పేరుతో వచ్చేది. 'స్టోన్డ్ సోల్ పిక్నిక్' అందులో 2. 'అక్వేరియస్' 6. 'వన్ లెస్ బెల్' 4. కానీ హాట్ 100లో మూడు వారాలు మొదటి స్థానంలో ఉన్న 'వెడ్డింగ్ బెల్ బ్లూస్' ఇక్కడ 23. ఈ బృందం తగినంత నల్లగా లేదని, తెల్లవాళ్ల కోసం పాడుతోందని అప్పట్లో గట్టిగా విమర్శ ఉండేది. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేట అయిన హార్లెమ్‌లో జరిగిన 1969 హార్లెమ్ కల్చరల్ ఫెస్టివల్‌లో వీళ్లు పాడారు. ఆ దృశ్యాలు 2021లో 'సమ్మర్ ఆఫ్ సోల్' డాక్యుమెంటరీలో బయటికొచ్చాయి. అందులో మారిలిన్ మెక్కూ ఆ విమర్శ ఎంత బాధపెట్టిందో చెబుతూ తడబడుతుంది. విమర్శించినవాళ్లు ఈ చార్టుని సరిగ్గా చూడలేదని నాకు అనిపిస్తుంది. అయిదు గొంతులూ, డేవిస్ గాస్పెల్ పిలుపులూ వినపడ్డ పాటల్ని ఆ శ్రోతలు తమవిగా తీసుకున్నారు. 'వన్ లెస్ బెల్' ఒంటరి గొంతే అయినా, దాంట్లో దుఃఖం బరువు ఉంది, దాన్నీ తీసుకున్నారు.

1975లో జిమ్మీ వెబ్ తిరిగొచ్చి 'ఎర్త్‌బౌండ్' అనే ఆల్బమ్ నిర్మించాడు. మొదటి అయిదుగురూ కలిసి చేసిన చివరి ఆల్బమ్ అదే. ఆ ఏడాదే మెక్కూ, డేవిస్ బయటికొచ్చారు. ఇద్దరూ కలిసి పాడిన 'యు డోంట్ హావ్ టు బి ఎ స్టార్' 1977 జనవరిలో మొదటి స్థానానికి వెళ్లింది. మిగతావాళ్లు కొత్తవాళ్లని చేర్చుకుని కొనసాగారు. 1976లో 'లవ్ హ్యాంగోవర్' పాటని సింగిల్‌గా వదిలారు. అది డయానా రాస్ ఆల్బమ్‌లో అప్పటికే ఉన్న పాట. పోటీ వచ్చిందని చూసి మోటౌన్ రాస్ రూపాన్ని వెంటనే సింగిల్‌గా దింపింది. రాస్‌ది 1, వీళ్లది 80. పదేళ్ల కింద వాళ్ల టేపు తిప్పి పంపిన లేబుల్ అదే.

ఇప్పుడు 'అక్వేరియస్' మొత్తం పెడతాను, 4 నిమిషాల 49 సెకన్లు. మొదటిసారి అందరితో పాటు వినండి. రెండోసారి పెట్టినప్పుడు పై గొంతుల్ని వదిలేసి, అన్నిటికంటే కింద ఉన్న మెక్‌లెమోర్ గొంతు ఒక్కదాని వెంట వెళ్లండి. పాట రెండో సగంలోకి మారే చోట ఆయన ఏ స్వరం మీద నిలబడ్డాడో పట్టుకోగలిగితే చెయ్యెత్తండి, అక్కడ ఆపి మాట్లాడుకుందాం.